ఆన్‌సైడ్ కిక్ వచ్చినప్పుడు ఎక్కడ చూడాలి, రీప్లే నుంచి ఏం ఆశించాలి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఆన్‌సైడ్ కిక్ అనగానే బంతి మీద గుట్టగా పడ్డ మనుషుల వైపు చూస్తారు. ఎవరి చేతిలో ఉంది, ఎవరు లాక్కున్నారు అని లేచి నిలబడి అరుస్తారు. ఆ గుట్టలో మనకు కనిపించేది ఏమీ ఉండదు. అసలు సంగతి చాలాసార్లు అంతకు ఒక సెకను ముందే, మైదానం మీద ఒక గీత దగ్గర తేలిపోయి ఉంటుంది. ఆ గీత ఏదో తెలిస్తే ఆట సగం అర్థమైనట్టే. మిగతా సగం రీప్లే. అది వేటికి జవాబు చెప్పగలదో, వేటి జోలికి వెళ్లకూడదో తెలియాలి.

నేను డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. మా అమ్మాయి నార్మన్‌లో ఓక్లహోమా యూనివర్సిటీలో చదువుతోంది. దాంతో శనివారం వస్తే మా హాల్లో సూనర్స్ (ఆ యూనివర్సిటీ టీమ్) మ్యాచే. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలూ, వాళ్లని చూడటానికి వచ్చిన పెద్దవాళ్లూ కూడా కూర్చుంటారు. వాళ్లందరికీ నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కిక్ సంగతి. పాయింట్లు చేసిన టీమ్ మామూలుగా అవతలి వాళ్లకి బంతిని తన్ని ఇవ్వాలి, అదే కిక్‌ఆఫ్. మామూలుగా ఎంత దూరం పోతే అంత మంచిదని గట్టిగా తంతారు. కానీ కిక్‌ఆఫ్ బంతి పది యార్డులు దాటిందంటే అది ఎవరు పట్టుకుంటే వాళ్లదే, తన్నిన వాళ్లు కూడా తీసుకోవచ్చు. అందుకే వెనకబడి ఉండి, టైమ్ అయిపోతున్న టీమ్ బంతిని కావాలనే దగ్గర్లో పడేలా తన్ని, తనే పట్టుకోవాలని చూస్తుంది. ఆన్‌సైడ్ కిక్ అంటే ఇంతే. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 2024 నుంచి ఈ కిక్ వేయబోతున్నామని ముందుగా చెప్పాలి. కాలేజీలో అలాంటిదేమీ లేదు. మొదటి క్వార్టర్‌లోనైనా, గెలుస్తున్న టీమైనా, ఎవరికీ చెప్పకుండా వేసేయొచ్చు. ఆదివారం చూసే ఆట రూల్స్‌ని శనివారం ఆటకి అంటగట్టకండి, సగం వాదనలు అక్కడే మొదలవుతాయి.

ఇప్పుడు గీత. కాలేజీలో కిక్‌ఆఫ్ తన్నేవాళ్ల 35 నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి పది యార్డులు లెక్కపెడితే 45. అదే అవతలి టీమ్ నిలబడే గీత, మీరు చూడాల్సిన గీత. అయితే 45 అన్న అంకెని గుర్తుపెట్టుకోకండి, పది అన్నదాన్ని గుర్తుపెట్టుకోండి. టచ్‌డౌన్ (బంతిని అవతలి వాళ్ల గోల్ గీత దాటించి పాయింట్లు చేయడం) అప్పుడు అవతలి వాళ్లు పదిహేను యార్డుల తప్పు చేస్తే, పాయింట్లు చేసినవాళ్లు ఆ పెనాల్టీని కిక్‌ఆఫ్‌కి మార్చుకుంటే, బంతి మైదానం మధ్యలో 50 మీద నుంచి వెళ్తుంది. అప్పుడు గీత అవతలి వాళ్ల 40. సేఫ్టీ (సొంత గోల్ గీత వెనకే దొరికిపోయి అవతలి వాళ్లకి పాయింట్లు ఇచ్చుకోవడం) తర్వాత ఆ ఇచ్చుకున్నవాళ్లే తంతారు, కిక్ 20 నుంచి కాబట్టి గీత 30. కిక్కర్ చెయ్యి పైకెత్తే లోపే ఆ గీతని టీవీలో వెతికి పెట్టుకోండి. దాని రెండు చివర్లా అధికారులు నిలబడి ఉంటారు, వాళ్లని బట్టి కూడా తెలిసిపోతుంది.

తన్నిన టీమ్ ఆటగాడు బంతిని ఎప్పుడు ముట్టుకోవచ్చు? మూడు సందర్భాల్లో. బంతి అవతలి టీమ్ ఆటగాడికి తగిలిన తర్వాత ముట్టుకోవచ్చు. ఇది పది యార్డుల లోపల జరిగినా సరే. రెండు, బంతి ఆ గీత మీదుగా దాటి అవతలే ఉంటే. మూడు, గీతకు అవతల నేలకో, మనిషికో, అధికారికో, దేనికైనా తగిలితే. ఈ మూడింట్లో ఏదీ జరగకుండా ముట్టుకుంటే అది ఇల్లీగల్ టచింగ్.

రెండో దాన్ని కాస్త నిదానంగా చూడండి. కొలిచేది బంతి ఎక్కడుందని, ఆటగాడి కాళ్లు ఎక్కడున్నాయని కాదు. వాడు గీతకి అవతల కాళ్లు పెట్టి, వెనక్కి వంగి, గీతకి ఇవతల ఉన్న బంతిని ముట్టుకుంటే తప్పే. గాల్లో గీత దాటిన బంతి దేనికీ తగలకుండా వెనక్కి తిరిగొస్తే దాటినట్టు కాదు, ఎందుకంటే రూల్‌లో దాటడమే కాకుండా దాటి ఉండటం కూడా ఉంది. అదే బంతి అవతల ఒక్కసారి నేలని తాకి వెనక్కి దొర్లితే మాత్రం అందరికీ తెరుచుకున్నట్టే.

మొదటి దానిలో కూడా ఒక మెలిక ఉంది. అవతలి ఆటగాడికి బంతి తగలాలన్నాను కదా, వాడిని నెట్టి బంతి మీద పడేసి ‘తగిలింది చూడు’ అంటే చెల్లదు. అలా బలవంతంగా తగిలించింది లెక్కలోకి రాదు. బంతిని కొట్టి అవతలి వాడి ఒంటికి తగిలించినా అంతే.

ఇల్లీగల్ టచింగ్ జరిగితే, తప్పులకి విసిరే పసుపు ఫ్లాగ్ పడదు. అధికారి చిన్న బీన్ బ్యాగ్ ఒకటి ఆ చోట పడేస్తాడు. ఇది చాలామంది గమనించరు. అది పెనాల్టీ ఉన్న తప్పు కాదు, యార్డులు పోవు. ఆట ఆగదు. అంతా అయ్యాక పట్టుకునే టీమ్ ‘మాకు ఆ బ్యాగ్ పడ్డ చోటే బంతి ఇవ్వండి’ అని తీసుకోవచ్చు. అంటే ఆ బ్యాగ్ పడ్డాక వాళ్లు బంతిని తీసుకుని పరిగెత్తి, మధ్యలో జారవిడిచినా పెద్దగా భయం లేదు, వెనక్కొచ్చి ఆ చోటు అడగొచ్చు. ఆ ఆటలో ఎవరో చేసిన తప్పుకి పెనాల్టీ ఒప్పుకుంటే మాత్రం ఈ హక్కు పోతుంది. కాబట్టి గుట్టలోంచి తన్నిన టీమ్ వాడు బంతి పైకెత్తి గంతులేస్తున్నా సరే, వెనకాల బీన్ బ్యాగ్ పడి ఉందేమో చూడండి. ఉంటే ఆ గంతులకి అర్థం లేదు.

ఇక బంతి ఎగరడం. ఆన్‌సైడ్ కిక్‌లో కిక్కర్ బంతి పై కొనని నేలకేసి తన్నుతాడు. కోడిగుడ్డు ఆకారం కాబట్టి అది నేల మీద పల్టీలు కొడుతూ వెళ్లి ఒక్కసారిగా మనిషి తల పైకి లేస్తుంది. ఒకప్పుడు వెంటనే ఒక్క గెంతుతో పైకి లేపి, అది కిందికి వచ్చేలోపు అవతలి వాళ్లని గుద్ది పడేసేవాళ్లు. 2012లో కాలేజీ ఆటల రూల్స్ పెట్టే ఎన్‌సీఏఏ దీనికి అడ్డుకట్ట వేసింది. తన్నగానే నేలకి ఒక్కసారి మాత్రమే తగిలి, నేరుగా తన్నిన బంతిలా పైకి లేస్తే, కింద పట్టుకోవడానికి నిలబడిన వాడికి మామూలు కిక్‌లో ఉండే రక్షణే ఉంటుంది. వాడు చెయ్యి ఊపి ఫేర్ క్యాచ్ (పరిగెత్తను, నన్ను ముట్టుకోకుండా పట్టుకోనివ్వండి అనడం) కూడా అడగొచ్చు. వాడికి అడ్డం పోతే పదిహేను యార్డులు. నాకు ఈ రూల్ అంటే చాలా గౌరవం. పైకి చూస్తూ నిలబడిన కుర్రాడికి ఎదురుగా ఎవరొస్తున్నాడో కనపడదు, వాడిని కాపాడాల్సిందే. అందుకని గెంతులు లెక్కపెట్టడం నేర్చుకోండి. ఒకటైతే రక్షణ ఉంది. రెండైతే లేదు. కిక్కర్లు రెండు గెంతుల కోసం అంత తంటాలు పడేది అందుకే.

తన్నిన టీమ్ వాళ్లు తమకు బంతి ముట్టుకునే హక్కు వచ్చేదాకా అవతలి వాళ్లని బ్లాక్ చేయకూడదు కూడా. చేస్తే అయిదు యార్డులు. ముందు పరిగెత్తే ఇద్దరు ముగ్గురు అవతలి వాళ్లని నెట్టేసి, వెనక వచ్చేవాడు బంతి ఏరుకోవడమే ఈ కిక్‌లో పథకం కాబట్టి, ఈ అయిదు యార్డుల తప్పు తరచూ అసలు కథ అవుతుంది. ఇంకోటి, తన్నిన టీమ్ బంతిని పట్టుకున్న వెంటనే ఆట ఆగిపోతుంది, దాన్ని తీసుకుని టచ్‌డౌన్‌కి పరిగెత్తలేరు. గడియారం కూడా తన్నగానే మొదలవదు, మైదానంలో బంతిని రూల్ ప్రకారం ఎవరో ముట్టుకున్నాకే కదులుతుంది. ‘ఒక్క సెకను కూడా పోలేదేంటి’ అని ఆశ్చర్యపోకండి.

రీప్లేకి వద్దాం. ఇక్కడే జనం ఎక్కువ బాధపడతారు.

కాలేజీలో రీప్లే 2004లో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో (కొన్ని కాలేజీలు కలిసిన లీగ్) ప్రయోగంగా మొదలై, రెండేళ్లలో దేశమంతా వచ్చింది. రూల్ పుస్తకంలో దేన్ని చూడొచ్చో ఒక జాబితా ఉంటుంది. అందులో లేనిదాన్ని, కళ్లెదురుగా కనిపిస్తున్నా సరే, రీప్లే అధికారి ముట్టుకోకూడదు. ఆన్‌సైడ్ కిక్ విషయంలో జాబితాలో ఉన్నవి ఇవి: బంతిని ఎవరు ఎక్కడ ముట్టుకున్నారు, పది యార్డులు దాటిందా, బంతి గానీ పట్టుకున్నవాడు గానీ సైడ్‌లైన్ తొక్కారా, మైదానంలో పదకొండు మందికి మించి ఉన్నారా. తన్నిన టీమ్ వాళ్లు హక్కు రాకముందే బ్లాక్ చేశారా అన్నది కూడా చూడొచ్చు. విడిగా పడి ఉన్న బంతిని ఎవరు తీసుకున్నారన్నది, వెంటనే స్పష్టంగా కనిపిస్తే, చూడొచ్చు.

చూడకూడనివి: పట్టుకునేవాడికి అడ్డం వచ్చారా అన్నది, హోల్డింగ్ (చేత్తో పట్టి ఆపడం), వెనక నుంచి నెట్టడం. ఇవన్నీ మైదానంలో ఉన్న అధికారి కంటికే వదిలేశారు. గుట్ట కింద ఏం జరిగిందన్నది జాబితా సమస్య కాదు, అక్కడ కెమెరాకి ఏమీ కనపడదు. అధికారులు ఒక్కొక్కరినీ లాగి, అడుగున ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పిందే తీర్పు.

పోయిన సీజన్‌లో నెల్లూరు నుంచి మా బావగారు వచ్చారు. ఆయన క్రికెట్ మనిషి. ఒక ఆన్‌సైడ్ కిక్ మీద రివ్యూ అవుతుంటే ఆగలేకపోయారు.

“ఏమయ్యా, ఇన్ని కెమెరాలున్నాయి, బంతి గీత దాటలేదని నాకే కనపడుతోంది. వాళ్లకెందుకు కనపడదు?”

“మీకు అనిపిస్తోంది బావగారూ. ఆ కెమెరా 50 దగ్గరుంది, గీత 45 మీదుంది. ఏటవాలుగా చూస్తున్నాం మనం.”

“అయితే అంపైర్స్ కాల్ లాంటిదన్నమాట.”

చాలావరకు అంతే. మైదానంలో చెప్పింది సరైనదే అన్న నమ్మకంతో రివ్యూ మొదలవుతుంది. దాన్ని మార్చాలంటే కాదనడానికి వీల్లేని సాక్ష్యం కావాలి. సందేహం ఉంటే మొదటి తీర్పే. తేడా ఏంటంటే, క్రికెట్‌లో అంపైర్స్ కాల్ అయితే రివ్యూ పోదు. ఇక్కడ కోచ్ అడిగి, తీర్పు మారకపోతే టైమ్‌అవుట్ పోతుంది. ఇంకో తేడా 2025లో వచ్చింది. అంతకు ముందు రిఫరీ ‘కన్ఫర్మ్డ్’ అనో ‘స్టాండ్స్’ అనో చెప్పేవాడు. మొదటిదంటే వీడియోలో సరైనదని కనిపించింది. రెండోదంటే ఏదీ తేలలేదు కాబట్టి అలాగే ఉంచాం. ఇప్పుడు రెండింటికీ కలిపి ‘అప్‌హెల్డ్’ ఒక్కటే. ఈ మార్పు నాకు నచ్చలేదు. తేలలేదు అన్న మాట పైకి చెప్పడంలో ఒక నిజాయితీ ఉండేది, చూసేవాడికి ఏం జరిగిందో తెలిసేది.

కెమెరా కోణం గురించి బావగారికి చెప్పింది గట్టిగా గుర్తుపెట్టుకోండి. గీతకి సరిగ్గా ఎదురుగా లేని కెమెరాలో, ముఖ్యంగా బంతి గాల్లో ఉన్నప్పుడు, దాటినట్టు కనిపించింది దాటకపోవచ్చు, దాటనట్టు కనిపించింది దాటి ఉండొచ్చు. బంతి నేల మీద ఉంటే నమ్మొచ్చు. గాల్లో ఉంటే గీత వెంబడి చూసే షాట్ వచ్చేదాకా ఏ మాటా అనకండి.

అయినా కొన్నిసార్లు సాక్ష్యం కళ్లముందే ఉండి కూడా తీర్పు మారదు. ఓక్లహోమా వాళ్లెవరినైనా అడగండి, 2006 సెప్టెంబర్ 16 అంటారు. యూజీన్‌లో ఆట్జెన్ స్టేడియం, ఆరెగన్‌తో మ్యాచ్. ఓక్లహోమా 33-20తో ముందుంది. 1:12 మిగిలుండగా ఆరెగన్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) డెన్నిస్ డిక్సన్ పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, 33-27. ఆ వెంటనే ఆన్‌సైడ్ కిక్. బంతి పది యార్డులు దాటకముందే ఆరెగన్ ఆటగాడు బ్రయన్ పేసింగర్‌కి తగిలింది. ఓక్లహోమా వాళ్లెవరూ అప్పటికి ముట్టుకోలేదు. గుట్ట పడింది, బంతి అందులోంచి జారి బయటికొచ్చింది, ఓక్లహోమా ఆటగాడు ఆలెన్ పాట్రిక్ దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మైదానంలో అధికారులు బంతి ఆరెగన్‌ది అన్నారు. రీప్లే చూశారు. ఆరెగన్‌దే అన్నారు.

పైన చెప్పిన రూల్‌ని ఇక్కడ పెట్టి చూడండి. పాట్రిక్ చేతిలో బంతి ఉందా లేదా అన్న ప్రశ్న దాకా వెళ్లనవసరమే లేదు. పది యార్డుల లోపల మొదటి స్పర్శ ఆరెగన్‌ది. అది ఒక్కటి తేలితే బంతి ఓక్లహోమాది, ఎవరు ఏరుకున్నా. అందుకే మొదటి స్పర్శ చూడండి అని ఇంతలా చెప్తున్నాను. తర్వాత 46 సెకన్లు మిగిలుండగా డిక్సన్ విసిరిన 23 యార్డుల పాస్‌ని అదే పేసింగర్ పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. చివర్లో ఓక్లహోమా ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం) ప్రయత్నాన్ని ఆరెగన్ అడ్డుకుంది. 34-33.

రెండు రోజుల తర్వాత ఆరెగన్ ఆడే పసిఫిక్-10 కాన్ఫరెన్స్ తప్పు జరిగిందని ఒప్పుకుంది. కమిషనర్ టామ్ హ్యాన్సెన్ క్షమాపణ చెప్పాడు. మైదానంలో అధికారుల్నీ, రీప్లే అధికారుల్నీ ఒక మ్యాచ్ సస్పెండ్ చేశారు. ఓక్లహోమా యూనివర్సిటీ ప్రెసిడెంట్ డేవిడ్ బోరెన్ ఆ మ్యాచ్‌ని రికార్డుల్లోంచే తీసేయాలని కోరాడు. స్కోరు మారలేదు. మారదు కూడా. రిఫరీ ఆట ముగిసిందని ప్రకటించాక స్కోరు ఖాయమని రూల్ పుస్తకమే చెప్తోంది. ఆ రోజు రీప్లే గదిలో ఉన్న అధికారికి బెదిరింపులు వచ్చాయి, ఆయన ఆ సీజన్ పక్కకి తప్పుకున్నాడు. నేను సూనర్స్ అభిమానినే, ఆ తీర్పు తప్పేనని నమ్ముతాను. అయినా ఒక మనిషి ఇంటికి ఫోన్ చేసి బెదిరించినవాళ్లని అభిమానులు అని పిలవను.

ఇలాంటిదే 2015 అక్టోబర్ 31న డర్హమ్‌లో జరిగింది. డ్యూక్ మీద చివరి కిక్‌ఆఫ్‌ని మయామీ ఆటగాళ్లు ఎనిమిదిసార్లు వెనక్కి విసురుకుంటూ టచ్‌డౌన్ దాకా తీసుకెళ్లి 30-27తో గెలిచారు. మధ్యలో ఒక ఆటగాడి మోకాలు నేలకి ఆనింది. రీప్లేలో చూడాల్సిందే అది, చాలాసేపు చూశారు కూడా, అయినా పట్టుకోలేదు. వెనక నుంచి బ్లాక్ చేశారని వేసిన ఫ్లాగ్‌ని మైదానంలోనే తీసేశారు. ఆ రెండు టీమ్‌లూ ఆడే కాన్ఫరెన్స్ ఏసీసీ అధికారుల్ని సస్పెండ్ చేసింది. ఫలితం అలాగే ఉంది. రూల్ అనుమతించిన ప్రశ్న, అనుమతించని ప్రశ్న ఒకే ఆటలో పక్కపక్కనే ఎలా ఉంటాయో చూడాలంటే దీనికి మించింది లేదు.

మ్యాచ్ చూస్తున్నప్పుడు చేయాల్సింది కూడా చెప్తాను. కిక్‌కి ముందే రెండు టీమ్‌ల దగ్గర ఎన్ని టైమ్‌అవుట్లు ఉన్నాయో స్కోర్‌బోర్డ్‌లో చూడండి. కనీసం ఒకటి లేకపోతే కోచ్ ఛాలెంజ్ చేయలేడు. ఛాలెంజ్ మ్యాచ్‌కి ఒకటి, అది గెలిస్తే ఇంకొకటి, అంతకు మించి లేదు. రీప్లే అధికారికి ఈ లెక్కలేవీ లేవు, ఎప్పుడైనా ఆట ఆపొచ్చు, చివరి నిమిషాల్లో ఆన్‌సైడ్ కిక్ అయితే దాదాపుగా ఆపి చూస్తారు. కానీ ఎవరు చూడాలన్నా తర్వాతి ఆట మొదలయ్యే లోపే. బంతి స్నాప్ అయిందంటే (వెనక్కి అందించి తర్వాతి ఆట మొదలుపెట్టారంటే) ఆ తలుపు మూసుకుపోయింది. అందుకే లాభపడ్డ టీమ్ హడావిడిగా లైన్‌లో నిలబడుతుంది, తెలివైన కోచ్ అవతల టైమ్‌అవుట్ అడిగి రీప్లే గదికి టైమ్ ఇస్తాడు. ఛాలెంజ్ చేయకుండా ఉత్త టైమ్‌అవుట్ ఎందుకు తీసుకున్నాడని అప్పుడు తిట్టకండి.

రికార్డ్ చేసి చూస్తున్నట్టయితే వెనక్కి తిప్పి, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ ఈ వరసలో చూడండి. మొదట బంతి ఎవరికి తగిలింది, ఆ క్షణంలో బంతి గీతకి ఏ వైపు ఉంది. బంతికి ఎవరి చెయ్యో తగిలితే అది తిరిగే తీరు చటుక్కున మారుతుంది, చెయ్యి కనపడకపోయినా ఆ మార్పు కనపడుతుంది. తర్వాత బంతిని వదిలేసి మనుషుల్ని చూడండి, తన్నిన టీమ్ వాళ్లలో ఎవరైనా అంతకు ముందే అవతలి వాడిని గుద్దాడా అని. ఆ తర్వాత నేల మీద బీన్ బ్యాగ్ పడిందా, ఫ్లాగ్ పడిందా చూడండి. గుట్ట వైపు చూడటం అన్నిటికంటే చివర.